దొంగ టేపులో దాగిన రాత్రి

టికెట్ కొన్నాడు. పాట విన్నాడు. ఇంటికొస్తూ కచేరీ మొత్తాన్ని వెంట తెచ్చుకున్నాడు! అమ్ముకోవడానికి కాదు, దాచుకోవడానికి. 1977లో ఒక అభిమాని చాటుగా చేసిన ఆ రికార్డింగు లేకపోతే, ఓ గొప్ప బ్రిటిష్ రాక్ బృందం వాయించిన గొప్ప రాత్రి గాలిలో కలిసిపోయేది.

1977 జూన్ 21. అమెరికాలో లాస్‌ఏంజెలిస్‌ను ఆనుకునే ఉన్న ఇంగిల్‌వుడ్. అక్కడి 'ఫోరమ్' ఇండోర్ స్టేడియం దగ్గర జాతరలా ఉంది. లోపల వాయించబోయేది ఇంగ్లండు నుంచి వచ్చిన 'లెడ్ జెప్పెలిన్' మరి! వరసగా ఆరు కచేరీలు. ఆ రోజు మొదటిది.

టేప్‌రికార్డర్లు లోపలికి తీసుకెళ్లడానికి వీల్లేదు. గేటు దగ్గర కాపలా గట్టిగానే ఉంటుంది. అలాంటి చోటికి ఒక కుర్రాడు చక్రాల కుర్చీలో వచ్చేవాడు. వెనక నుంచి స్నేహితులు తోసేవారు. 'అయ్యో పాపం' అనుకుని కాపలావాళ్లు పక్కకి జరిగి దారిచ్చేవారు. కుర్చీలో ఉన్న మనిషి కాళ్లకు ఏ జబ్బూ లేదనీ, అతను కూర్చున్న సీటు కింద బరువైన టేప్‌రికార్డరు ఒకటి ఉందనీ వాళ్లకేం తెలుసు!

ఆ కుర్రాడి పేరు మైక్ మిలార్డ్. అభిమానులు ముద్దుగా 'మైక్ ద మైక్' అనేవారు. చేతిలో ఎప్పుడూ మైకు ఉంటుందని. నిజంగా నడవలేనివాళ్లకిచ్చే దారిలో నాటకమాడి దూరిపోవడం మెచ్చుకోవాల్సిన పనేం కాదు. కానీ ఆ రాత్రి అతను టేపు మీదకు ఎక్కించిన మూడు గంటల పైచిలుకు సంగీతాన్ని రాక్ అభిమానులు ఇప్పటికీ కళ్లకద్దుకుంటారు. 'లిజన్ టు దిస్, ఎడ్డీ' అన్న పేరుతో అది దేశదేశాలూ తిరిగింది. అప్పుడప్పుడే పైకొస్తున్న గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్‌ని ఉద్దేశించి ఎవరో కొంటెగా పెట్టిన పేరది అంటారు. 'ఇది విని మాట్లాడు' అన్నట్టుగా!

రాత్రికో రకం

లెడ్ జెప్పెలిన్ 1968లో లండన్‌లో పుట్టింది. మొత్తం నలుగురు. గిటారు జిమ్మీ పేజ్. గాత్రం రాబర్ట్ ప్లాంట్. బేస్ గిటారు, కీబోర్డులు జాన్ పాల్ జోన్స్. డ్రమ్స్ జాన్ బోనమ్. ఇవాళ మనం 'హార్డ్ రాక్' అంటున్న సంగీతానికి ఒక రూపం ఇచ్చిన వాళ్లలో వీళ్లది ముందువరస. 'స్టెయిర్‌వే టు హెవెన్' పేరు రాక్ సంగీతం వినని వాళ్లకీ ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది.

ఈ నలుగురికీ ఒక అలవాటుంది. రికార్డులో ఉన్న పాటను ఉన్నట్టుగా వేదిక మీద అప్పజెప్పరు. స్టూడియోలో ఆరేడు నిమిషాల్లో ముగిసిన పాట కచేరీలో అరగంట సాగుతుంది. ఎక్కడ మలుపు తిరుగుతుందో వాళ్లకే తెలీదు. గిటారు ఒక దారి పడితే డ్రమ్ము దాని వెంట పరుగెడుతుంది. నిన్నటి పాట ఇవాళ ఉండదు. ఇవాళ్టిది రేపు ఉండదు.

మనకిదేం కొత్త కాదు. కర్ణాటక సంగీత కచేరీలో విద్వాంసుడు మనోధర్మంతో చేసే రాగాలాపన ఏ రోజుకా రోజు కొత్తదే. పద్య నాటకంలో 'వన్స్‌మోర్' అంటే మళ్లీ ఎత్తుకున్న పద్యం మొదటిసారి పాడినట్టు ఉండదు. ఒక్కోసారి ఆ రెండోదే ఊరంతా చెప్పుకునేదవుతుంది. అది విన్నవాళ్ల అదృష్టం. విననివాళ్లకు వర్ణనే మిగులుతుంది.

లెడ్ జెప్పెలిన్ అభిమానుల బాధా అదే. దుకాణంలో దొరికే రికార్డు ఒకటే. కానీ అసలు పాటలు రాత్రికొకటి పుట్టి, ఆ రాత్రే పోతున్నాయి. వాటిని పట్టి ఉంచేదెలా?

బకెట్టు నీళ్లు... పగిలిన పెట్టె

పట్టి ఉంచాలనుకున్న వాళ్లకి అడ్డంగా ఒక మనిషి నిలబడి ఉండేవాడు. బృందం మేనేజరు పీటర్ గ్రాంట్. ఒకప్పుడు కుస్తీ పట్టిన మనిషి. ఆ విగ్రహాన్ని చూస్తేనే సగంమంది వెనక్కి తగ్గేవారు. తన కుర్రాళ్ల కష్టాన్ని ఎవరో రికార్డు చేసి అమ్ముకుంటారంటే ఆయనకు ఒళ్లు మండిపోయేది.

1970లో ఇంగ్లండులోని బాత్ ఉత్సవంలో అనుమతి లేకుండా రికార్డింగు జరుగుతోందని తెలిసింది. గ్రాంట్ స్వయంగా వెళ్లి ఆ యంత్రాల మీద బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. లండన్‌లో ఒక దుకాణంలో దొంగ రికార్డులు అమ్ముతున్నారని తెలిస్తే నేరుగా అక్కడికే వెళ్లాడు. ఉన్నవన్నీ తన చేతిలో పెట్టమన్నాడు.

1971లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగింది ఇంకా తమాషా. జనం మధ్యలో ఏదో యంత్రం కనిపించింది. రికార్డరే అనుకుని గ్రాంట్ దాన్ని ముక్కలు చేయించాడు. తీరా చూస్తే అది శబ్ద కాలుష్యాన్ని కొలిచే పరికరం. కచేరీ ఎంత మోత మోగుతోందో చూడ్డానికి అధికారులు తెచ్చి పెట్టుకున్నది!

గ్రాంట్‌ది అన్యాయమైన కోపం అనలేం. పాట వాళ్లది. చెమట వాళ్లది. మధ్యలో ఎవరో రికార్డు అచ్చుకొట్టి జేబు నింపుకుంటే కడుపు మండదూ?

కాలి బూటులో సీసా

ఇలాంటి దొంగ రికార్డుల్ని 'బూట్‌లెగ్' అంటారు. పొడవాటి బూటులో మద్యం సీసా దాచి దొంగరవాణా చేసిన రోజుల నాటి మాట అది. తర్వాత పాటలకూ అంటుకుంది. రాక్ సంగీతంలో ఈ బాగోతానికి తెర లేచింది 1969 వేసవిలో. బాబ్ డిలాన్ బయటికి వదలని పాటలు కొన్ని 'గ్రేట్ వైట్ వండర్' అన్న పేరుతో తెల్ల అట్టలో రికార్డుగా వచ్చేశాయి. ఎవరు అచ్చేశారో అట్ట మీద లేదు.

అదే ఏడాది నవంబరు 9న ఓక్లాండ్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీ జరిగింది. ఒక అభిమాని పొడవాటి మైకు, చేతిలో పట్టే టేప్‌రికార్డరుతో దాన్ని మొత్తం పట్టేశాడు. రికార్డు బయటికొచ్చింది. విమర్శకులు సైతం బాగుందన్నారు. మరుసటి ఏడాది స్టోన్స్ తమ సొంత లైవ్ ఆల్బమ్ తెచ్చారు.

1970 సెప్టెంబరు 4న మన కథలోని ఫోరమ్‌లోనే లెడ్ జెప్పెలిన్ వాయించింది. జనంలో కూర్చున్న అభిమానులు రికార్డు చేసిన ఆ కచేరీ కొద్ది రోజుల్లోనే రెండు ఎల్పీల బూట్‌లెగ్ అయింది. పేరు 'లైవ్ ఆన్ బ్లూబెర్రీ హిల్'. ఆ రాత్రి చివర్లో ఫ్యాట్స్ డొమినో ప్రాచుర్యంలోకి తెచ్చిన పాత పాటను వీళ్లు సరదాగా ఎత్తుకున్నారు. దాని నుంచి వచ్చిన పేరది.

'డీప్ పర్పుల్' బృందానికీ ఈ సెగ తగిలింది. 1970 జులైలో జర్మనీలోని ఆకెన్‌లో వాళ్ల కచేరీ 'హెచ్ బాంబ్' పేరుతో బూట్‌లెగ్‌గా వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. దాన్ని అమ్మినందుకు రిచర్డ్ బ్రాన్సన్ కోర్టుకెక్కాల్సి వచ్చింది. అప్పట్లో ఆయన వర్జిన్ రికార్డుల వ్యాపారంలో కొత్తగా కాలుపెట్టిన కుర్రాడు. జనానికి కచేరీ రికార్డులు ఇంతగా కావాలా అని డీప్ పర్పుల్‌కి అర్థమైంది. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యో కచేరీల్ని సొంతంగా రికార్డు చేయించింది. అదే 'మేడ్ ఇన్ జపాన్'. రాక్ లోకంలో గొప్ప లైవ్ ఆల్బమ్ ఏదంటే ఇప్పటికీ ముందు చెప్పే పేర్లలో అదొకటి. దొంగ దారి చూపిస్తే దొర నడిచాడన్నమాట!

'ద హూ' బృందం ఇంకో అడుగు ముందుకేసింది. 1970లో తెచ్చిన 'లైవ్ ఎట్ లీడ్స్' ఆల్బమ్‌కి రంగురంగుల బొమ్మలేం పెట్టలేదు. గోధుమ రంగు అట్ట మీద రబ్బరు స్టాంపు కొట్టినట్టు పేరు వేసి వదిలేశారు. అచ్చం బూట్‌లెగ్ లాగే! చిటపట చప్పుళ్లు వినిపిస్తే కంగారు పడొద్దని రికార్డు లేబుల్ మీదే రాశారు.

సీటు కింద స్టూడియో

అప్పటి బూట్‌లెగ్‌లు చాలావాటిల్లో పాట కన్నా రొద ఎక్కువ. డొక్కు రికార్డరు, చవక మైకు. పక్కవాడి ఈల వినిపించినంత బాగా ప్లాంట్ గొంతు వినిపించదు. మిలార్డ్ వేరు. అతనికి శబ్దమంటే పిచ్చి.

అతను వాడిన రికార్డరు నాకమిచి 550. జపాన్ కంపెనీ తయారీ. బ్యాటరీలతో నడిచే క్యాసెట్ రికార్డర్లలో అప్పట్లో మేలురకం. దానికి జతగా ఏకేజీ 451 మైకులు రెండు. ఇవి స్టూడియోల్లో వాడే సరుకు. రెండు మైకుల్నీ కాస్త ఎడంగా పెడితే మన రెండు చెవులు విన్నట్టే కుడి ఎడమలు వేరుగా రికార్డవుతాయి. వినేవాళ్లకి హాలు మధ్యలో కూర్చున్నట్టే ఉంటుంది. అయితే ఇంత సరంజామా చొక్కా కింద దాగదు. అందుకే చక్రాల కుర్చీ!

లోపలికి వెళ్లాక అసలు పరీక్ష. మంచి సీటు దొరకాలి. వేదికకు మరీ దగ్గరైతే పెద్ద స్పీకర్ల శబ్దం తలల మీదుగా వెళ్లిపోతుంది. మరీ దూరమైతే గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వని పాటను మింగేస్తుంది. శబ్దం పెరిగితే టేపు మీద గరగర. తగ్గిస్తే టేపుకి సహజంగా ఉండే 'సుయ్'మనే చప్పుడు పైకొస్తుంది. చీకట్లో కూర్చుని ఈ రెంటికీ మధ్య ముల్లును నిలబెట్టాలి.

తొంభై నిమిషాల క్యాసెట్టు ఒక పక్క నలభై అయిదు నిమిషాలే తిరుగుతుంది. కచేరీ మూడు గంటలు దాటుతుంది. అంటే అలాంటి క్యాసెట్లతో కనీసం అయిదు పక్కలు కావాలి. మధ్యలో నాలుగుసార్లు తిప్పడమో మార్చడమో చేయాలి. ఎప్పుడు మార్చాలి? పాట మధ్యలో కుదరదు. ప్లాంట్ జనంతో మాట్లాడే ఆ కాసేపట్లో చీకట్లో చేత్తో తడుముకుంటూ పని కానివ్వాలి. మిగతా జనం ఊగిపోతుంటే అతను అరవకూడదు. చప్పట్లు కొట్టకూడదు. ఎంతో ఇష్టమైన బృందం ఎదురుగా వాయిస్తుంటే రాయిలా కూర్చోవడం... అది మాత్రం తపస్సే.

టేపుల లోకంలో మాటలు

ఈ అభిమానుల దగ్గర ఒక సొంత పరిభాషే ఉంది. జనం మధ్య నుంచి చేసింది 'ఆడియన్స్' టేపు. వేదిక దగ్గర గొంతుల్నీ వాద్యాల్నీ కలిపే మిక్సర్ నుంచి నేరుగా తీసింది 'సౌండ్‌బోర్డు' టేపు. రెండోదే శుభ్రంగా ఉంటుంది. కానీ అందులో హాలు ఉండదు, జనం ఉండరు. కొన్నిసార్లు పక్క గదిలో సాధన చేసుకుంటున్నట్టు పొడిగా ఉంటుంది. మంచి ఆడియన్స్ టేపులో పాటతోపాటు వేలమంది ఊపిరి కూడా వినిపిస్తుంది.

మొదట తిరిగిన టేపు 'మాస్టర్'. దాని నకలు మొదటి తరం. నకలుకి నకలు రెండో తరం. తరం మారిన కొద్దీ సుయ్‌మనే చప్పుడు పెరిగి, పాట మసకబారుతుంది. చేతులు మారిన పాత ఫొటోలాగ. బ్యాటరీ నీరసిస్తే టేపు నెమ్మదిగా తిరుగుతుంది. తర్వాత సరైన వేగంతో వింటే శ్రుతి పెరిగి వినిపిస్తుంది. ఓపికున్న అభిమానులు పాటల అసలు శ్రుతిని ఆధారం చేసుకుని ఆ తేడాని కంప్యూటర్‌లో సరిచేస్తారు. జీతం లేని పని. అయినా ఏళ్ల తరబడి చేస్తున్నారు.

ఆ రాత్రి ఏముంది?

జూన్ 21 టేపు 'ద సాంగ్ రిమైన్స్ ద సేమ్'తో మొదలవుతుంది. మొదటి నిమిషంలోనే బోనమ్ డ్రమ్ములు గుండె మీద దరువేస్తాయి. అతనికప్పుడు 29 ఏళ్లు. ఈ టేపు అంతలా పేరు తెచ్చుకోవడానికి సగం కారణం అతనే. ఆ రాత్రి అతని చేతుల్లో ఉన్న బలం, ఉత్సాహం స్టూడియో రికార్డుల్లో కూడా ఇలా వినిపించవని అభిమానులు వాదిస్తారు.

తర్వాత జోన్స్ కీబోర్డుతో 'నో క్వార్టర్' దాదాపు అరగంట సాగుతుంది. నలుగురూ విద్యుత్ గిటార్లు పక్కనపెట్టి కూర్చుని నింపాదిగా వాయించే ఘట్టం ఒకటుంది. 'కాశ్మీర్' పాట ఉంది. దీని పేరు మనకు దగ్గరిదే కానీ, ప్లాంట్‌కి ఆ ఆలోచన వచ్చింది మొరాకోలో ఎడారి దారిన కారులో వెళ్తున్నప్పుడు! తర్వాత బోనమ్ ఒక్కడే డ్రమ్ముల మీద విజృంభిస్తాడు.

రెండు రోజుల తర్వాత, జూన్ 23న, ఇంకో విశేషం. 'ద హూ' డ్రమ్మరు కీత్ మూన్ ఉన్నట్టుండి వేదిక మీదకొచ్చాడు. లోకంలో అందరికన్నా గొప్ప డ్రమ్మరు ఎవరంటే సగంమంది మూన్ అంటారు, సగంమంది బోనమ్ అంటారు. ఆ ఇద్దరూ ఒకే వేదిక మీద! అదీ మిలార్డ్ టేపుకెక్కింది.

మళ్లీ రాని నలుగురు

ఇంత గొప్ప రాత్రులైతే బృందమే ఆల్బమ్‌గా తెచ్చి ఉండొచ్చు కదా అనిపిస్తుంది. తేలేదు. లెడ్ జెప్పెలిన్ అధికారికంగా తెచ్చిన లైవ్ ఆల్బమ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1976లో వచ్చిన దానిలో ఉన్నది 1973 నాటి న్యూయార్క్ కచేరీ. 1997లో వచ్చినవి తొలినాళ్లలో బీబీసీకి వాయించినవి. 2003లో వచ్చిన 'హౌ ద వెస్ట్ వజ్ వన్' 1972 నాటిది. 2012లో వచ్చింది 2007లో లండన్‌లో జరిగిన పునఃకలయిక కచేరీ. 1977 పర్యటనకి ఆల్బమ్ లేదు.

ఆ పర్యటన అర్ధంతరంగా ఆగింది. జులై 24న ఓక్లాండ్‌లో కచేరీ అయింది. రెండు రోజులకే ఇంగ్లండు నుంచి ఫోను. ప్లాంట్ అయిదేళ్ల కొడుకు కారక్ జబ్బు చేసి చనిపోయాడు. మిగిలిన కచేరీలన్నీ రద్దు. ఆ నలుగురూ కలిసి అమెరికాలో మళ్లీ వాయించలేదు.

1978 సెప్టెంబరు 7న కీత్ మూన్ పోయాడు. 1980 సెప్టెంబరు 25న జాన్ బోనమ్ పోయాడు. ఇద్దరికీ వయసు 32 ఏళ్లే. బోనమ్ లేకుండా కొనసాగలేమని డిసెంబరులో మిగతా ముగ్గురూ ప్రకటించి బృందానికి స్వస్తి చెప్పారు.

ఇప్పుడు ఆ టేపు విలువ ఆలోచించండి. అది పాటలు దాచుకున్న క్యాసెట్టు మాత్రమే కాదు. నలుగురు మనుషులు తమ బలం తగ్గకముందు, దుఃఖం తగలకముందు ఎలా ఉన్నారో చెప్పే సాక్ష్యం. ఆ సాక్ష్యం కంపెనీ అలమరల్లోంచి బయటికి రాలేదు. అభిమాని సీటు కింది నుంచి వచ్చింది.

దాచుకున్నవాడు... అమ్ముకున్నవాళ్లు

మిలార్డ్ తన టేపుల్ని అమ్మలేదు. దగ్గరి స్నేహితులకు నకళ్లిచ్చేవాడు. ఆ నకళ్లు చేతులు మారి, ఎక్కడో ఒక చోట వ్యాపారుల చేతిలో పడ్డాయి. రికార్డులయ్యాయి. తర్వాత ఖరీదైన సీడీ పెట్టెలయ్యాయి. చేసినవాడికి పైసా లేదు. పేరూ లేదు. వాయించినవాళ్లకీ లేదు.

అతనికి ఇది నచ్చలేదు. అందుకే తానిచ్చే నకలులో ఎక్కడో ఒకచోట చిన్న గుర్తు పెట్టేవాడు. ఎవరికి ఏ గుర్తున్న నకలిచ్చాడో పుస్తకంలో రాసుకునేవాడు. మార్కెట్లోకి వచ్చిన బూట్‌లెగ్‌లో ఆ గుర్తు వినిపిస్తే... నమ్మిన స్నేహితుల్లో ఎవరి దగ్గర నుంచి జారిందో తెలిసిపోతుంది!

1994లో మిలార్డ్ చనిపోయాడు. పోయేముందు మాస్టర్ టేపుల్ని నాశనం చేశాడన్న పుకారు చాలా ఏళ్లు నడిచింది. అభిమానులు గుండెలు బాదుకున్నారు. అది నిజం కాదని తర్వాత తేలింది. టేపులు ఇంట్లో భద్రంగానే ఉన్నాయి. ఇటీవలి ఏళ్లలో అతని పాత మిత్రులు వాటిని ఒక్కొక్కటిగా శుభ్రం చేయించి వెలుగులోకి తెస్తున్నారు, అమ్మకానికి కాకుండా.

దాచుకోవడానికీ అమ్ముకోవడానికీ ఉన్న తేడా ఏమిటో ఒక కోర్టులోనూ వినిపించింది. 2007 జులైలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఒక బూట్‌లెగ్ వ్యాపారి మీద కేసు నడిచింది. సాక్ష్యం చెప్పడానికి వచ్చింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ జిమ్మీ పేజ్! అభిమానులు తమలో తాము పాటలు ఇచ్చిపుచ్చుకుంటే అర్థం చేసుకోగలను. కానీ లోపల ఏముందో కొనేవాడికి తెలియకుండా అట్టలు అచ్చేసి అమ్మడం చట్టప్రకారమూ తప్పే, నీతిప్రకారమూ తప్పే... ఇదీ ఆయన చెప్పిన మాటల సారాంశం. వ్యాపారికి శిక్ష పడింది. పేజ్‌కి సొంతంగా బూట్‌లెగ్‌లు సేకరించే అలవాటుందన్నది అభిమానులందరికీ తెలిసిన రహస్యమే. 2003లో ఆయన తయారుచేయించిన లెడ్ జెప్పెలిన్ డీవీడీలో, అప్పట్లో ఎవరెవరో జనంలోంచి చాటుగా తీసిన దృశ్యాల్ని కూడా మధ్యమధ్యలో వాడుకున్నారు. గ్రాంట్ అప్పుడు బకెట్టు నీళ్లు గురి తప్పకుండా అందరి మీదా కుమ్మరించి ఉంటే ఆ ముక్కలు దొరికేవే కాదు!

బొంబాయిలో రెండు పాటలు

ఈ కథలో మన దేశానికీ ఒక చిన్న పాత్ర ఉంది. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వచ్చారు. అక్కడి వాద్యకారులతో కలిసి 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్' అనే తమ పాటలు రెండింటిని మన వాద్యాలతో రికార్డు చేశారు. కానీ ఏళ్లూ పూళ్లూ గడిచినా వాటిని విడుదల చేయలేదు. దశాబ్దాలపాటు వినాలనుకున్నవాళ్లకి బూట్‌లెగ్‌లే దిక్కు. చివరికి 2015లో 'కోడా' ఆల్బమ్ కొత్త ముద్రణలో అవి అధికారికంగా వచ్చాయి. దాదాపు 43 ఏళ్ల తర్వాత!

ఇక చట్టం మాటకొస్తే, మన కాపీరైట్ చట్టంలో పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ ప్రత్యేక హక్కులు చేర్చింది 1994 సవరణలో. వాళ్ల అనుమతి లేకుండా ప్రదర్శనను రికార్డు చేయడం కుదరదు. అయితే తాను సొంతంగా వినడానికో, నిజమైన బోధన, పరిశోధనల కోసమో చేసుకున్న రికార్డింగు కళాకారుల హక్కును ఉల్లంఘించినట్టు కాదని అదే చట్టం మినహాయించింది. ఎక్కడో గ్లాస్గోలో పేజ్ గీసిన గీత ఇక్కడ చట్టంలోనూ కనిపిస్తుందన్నమాట. అయితే హాలువాళ్ల నిబంధనలు, పాట మీద ఉండే ఇతర హక్కులు మాత్రం వేరే లెక్క.

ఈ గీత ఎందుకు ముఖ్యమో మన ఇళ్లలోనూ తెలుస్తుంది. శ్రీరామనవమి పందిట్లో హరికథో, ఊరి నాటకంలో పద్యాలో, సంగీత సభలో కచేరీయో... స్పీకరు పక్కన టేప్‌రికార్డరు పెట్టి పట్టుకున్న క్యాసెట్లు ఎన్నో ఇళ్లలో ఉండేవి. ఆ పాడినవాళ్లలో చాలామందికి కంపెనీ రికార్డులు లేవు. వాళ్ల గొంతు ఎక్కడైనా మిగిలి ఉందంటే అలాంటి ఏ పెట్టెలోనో ఉండాలి. మధ్యలో కుర్చీలు జరిపిన చప్పుడు, ఏడ్చే పాపాయి, 'కాస్త జరగండీ' అన్న మాట... అన్నీ కలిపి.

కంపెనీ ముద్ర పడింది

ఇప్పుడీ కథకి కొసమెరుపు. 1975 ఏప్రిల్ 26న లాస్‌ఏంజెలిస్ స్పోర్ట్స్ అరీనాలో ఇంకో బ్రిటిష్ బృందం 'పింక్ ఫ్లాయిడ్' వాయించింది. అప్పటికి 'విష్ యు వర్ హియర్' ఆల్బమ్ ఇంకా మార్కెట్లోకి రాలేదు. అందులోని పాటల్ని కొన్నింటిని ముందే జనానికి వినిపించారు. ఆ జనంలో మిలార్డ్ ఉన్నాడు. మైకులూ ఉన్నాయి.

ఆ ఆల్బమ్‌కి యాభై ఏళ్లయిన సందర్భంగా 2025 డిసెంబరులో కొత్త ముద్రణ తెచ్చారు. అందులో 1975 నాటి కచేరీ కూడా పెట్టాలనుకున్నారు. దానికి వాళ్లు ఎంచుకున్నది మిలార్డ్ టేపునే. స్టీవెన్ విల్సన్ అనే పేరున్న సంగీతకారుడు దాన్ని శుభ్రపరిచాడు. రికార్డు చేసినవాడు మైక్ మిలార్డ్ అని దాచకుండా చెప్పారు.

ఒకప్పుడు గేటు దగ్గర దొరికితే లాక్కునేవాళ్లే. ఇప్పుడు అడిగి తీసుకుని, పెట్టెలో పెట్టి, కంపెనీ ముద్ర వేశారు. ఆ రోజు చూడ్డానికి మిలార్డ్ లేడు. అప్పటికి అతను పోయి 31 ఏళ్లు.

పాట పాడినవాడిదే. అందులో సందేహం లేదు. దాన్ని దొంగిలించి దుకాణం పెట్టినవాడు దొంగే. అందులోనూ సందేహం లేదు. కానీ వేలమంది వినేసి ఇంటికెళ్లిపోయిన రాత్రిని, చప్పట్లు కూడా కొట్టకుండా కూర్చుని, రేపటివాళ్ల కోసం ఎత్తిపెట్టిన మనిషిని ఏమని పిలవాలో మాత్రం ఏ చట్టం పుస్తకంలోనూ లేదు.

మీ ఇంట్లో అటక మీద పాత క్యాసెట్ల పెట్టె ఏదైనా ఉంటే, పారేసే ముందు ఒక్కసారి వినండి. అందులో ఎవరి రాత్రి దాగి ఉందో!